కిమ్చీ అయ్యాక వెళ్దాంలే

“అమ్మా, ఎముకల ఆసుపత్రి శనివారం ఒంటిగంట దాకేనట.”

వంటింటి గుమ్మంలో నిలబడి జేహా ఈ మాట అనడం పొద్దుట్నుంచి రెండోసారి. ఓక్‌హీ తల ఎత్తలేదు. స్నానాల గదిలో పెద్ద ఎర్ర తొట్టి నిండా, రాత్రంతా ఉప్పునీళ్లలో నానిన క్యాబేజీలున్నాయి. వాటిని మూడు నీళ్లు కడిగి, ఓడనిచ్చి, మధ్యాహ్నంలోపు కారం ముద్ద పట్టించకపోతే నోట పెట్టలేనంత ఉప్పెక్కిపోతాయి. ఏడాది పొడుగునా నలుగురూ తినాల్సిన క్యాబేజీ పచ్చడి, కిమ్చీ అది. నవంబరు నెలాఖరులో, కిమ్చీ పెట్టే రోజున, గున్సాన్ ఊళ్లో ఏ ఇల్లాలికీ ఇంకో పని కనబడదు.

“పదకొండున్నరకల్లా అయిపోతుందిరా. కిమ్చీ అయ్యాక ఇద్దరం చప్పుడు చేయకుండా వెళ్లొద్దాంలే.”

“పోనీ నేనొక్కడినే వెళ్తాను.”

“ఒక్కడివే బయల్దేరితే మీ నాన్న ఎక్కడికని అడగరూ? నడుం నొప్పి అన్నావంటే ఈ పూట ఇంట్లో రభసే. నేనున్నాగా, కాస్త ఆగు.”

“రేపు సాయంత్రానికి నేను మళ్లీ సైన్యంలో ఉండాలమ్మా.”

“తెలుసురా. పోయి కూర్చో.”

జేహాకి ఇరవై ఒక్కేళ్లు. ఆ దేశంలో మగపిల్లలందరూ తప్పనిసరిగా పద్దెనిమిది నెలలు సైన్యంలో చేయాలి. వాడు చేరి పదకొండు నెలలైంది, ఇంకో ఏడు నెలలుంది; ఇప్పుడు సెలవు మీద వచ్చాడు. సెప్టెంబరులో మందుగుండు పెట్టె భుజాన వేసుకుని కొండవాలు దిగుతూ జారిపడ్డాడు. ఆ రాత్రే తల్లికి ఫోన్ చేశాడు. “నడుం పట్టేసిందమ్మా,” అన్నాడు. రెండు వారాల తర్వాత ఇంకోసారి చేసి, “ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది,” అన్నాడు. మూడోసారి కూడా చేశాడు. “ఇక్కడ నేను చెబితే నాటకమంటున్నారు. నువ్వొక్కసారి మా కమాండరుకి ఫోన్ చేస్తావా అమ్మా?” అని అడిగాడు.

మూడుసార్లూ ఓక్‌హీ చెప్పిన జవాబు ఒక్కటే. సైన్యమన్నాక అందరికీ ఉండేదేరా, మగపిల్లాడివి, ఓర్చుకో అంది. తల్లి ఫోన్ చేసిందని తెలిస్తే తోటివాళ్లు మరీ ఆడుకుంటారని ఆవిడ భయం. మూడో ఫోన్ తర్వాత మాత్రం మనసు ఆగక, నొప్పికి అంటించుకునే పట్టీలు ముప్ఫై కొని పార్శిల్ చేసింది. అది పోస్టులో వేసి వచ్చాక, తన పని తాను చేశానని తృప్తిపడింది కూడా.

ఓక్‌హీ చెడ్డ తల్లి కాదు. అదే అసలు చిక్కు. చెడ్డ తల్లయితే ఇందులో చెప్పుకోవడానికి కథే ఉండేది కాదు.

ఆవిడ కొత్త మాటలు వినడం, నేర్చుకోవడం ఈ మధ్యే మొదలుపెట్టింది. కూతురు సోయన్ జొంజూ నగరంలో ఒక మహిళా సంఘంలో పనిచేస్తుంది, పత్రికలకి రాస్తుంది, సభల్లో మాట్లాడుతుంది. పోయిన వసంతంలో ఓక్‌హీ మొదటిసారి కూతురి సభకి వెళ్లి వెనక వరసలో కూర్చుంది. ముప్ఫై ఏళ్లు ఇంటిల్లిపాదికీ వండి వండి మణికట్లు అరిగిపోయిన ఒక తల్లి గురించి సోయన్ చెబుతుంటే, అది ఎవరి గురించో అర్థమై కళ్లనీళ్లు పెట్టుకుంది. నొప్పిని నొప్పి అని పైకి చెప్పడం తప్పు కాదని యాభై అయిదేళ్ల వయసులో ఆవిడకి తెలిసింది. ఇంటికొచ్చి మొగుడితో, “మీరు తిన్న గిన్నె మీరే కడుక్కోండి,” అంది. అలా అన్నందుకు రెండు రోజులు లోపల్లోపలే నవ్వుకుంది. అయితే ఆ మాటలు కొడుక్కి కూడా పనికొస్తాయని మాత్రం ఆవిడకి తోచలేదు. తోచి ఉండాల్సింది.

“నాన్నా, టీవీ కట్టేయ్. గ్లవ్స్ అక్కడున్నాయి. ఈసారి తినే నోళ్లన్నీ పనిచేయాలి,” అంటూ, కిమ్చీ పనికని ఇంటికొచ్చిన సోయన్ నడుముకి ఏప్రన్ బిగించుకుంది. ముల్లంగి తరగడానికి కత్తిపీట పుచ్చుకుంది.

సోఫాలో చాంగ్‌సిక్ కదల్లేదు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఎడమ చెవి వినబడదు, బస్సు ఇంజను రొదకి పోయిందంటాడు. అందుకే ఇంట్లో టీవీ ఎప్పుడూ వీధికంతా వినబడేలా ఉంటుంది.

“నన్నెందుకే లాగుతావు? మోయడానికి కుర్రాడొచ్చాడుగా. వాణ్ణి అడుగు.”

“ఇదిగో, ఏరా మహారాజా! గోడకి ఆనుకుని నిలబడ్డావేం? అమ్మ మణికట్టు ఎలా వాచిందో చూశావా?”

“చూశానక్కా. ముల్లంగి నేను తరుగుతాను, ఇటివ్వు.”

“కూర్చుని చేసే పని నీకూ, మోసే పని అమ్మకీనా? భలే పంచావురా! ఆ తొట్టి బాల్కనీలోకి పట్రా. అక్కడ కడుగుదాం.”

“నడుం బాగాలేదక్కా.”

చాంగ్‌సిక్ టీవీ మీంచి చూపు తిప్పాడు. “ఇరవై ఒక్కేళ్లకి నడుమా? మేం ముప్ఫై నెలలు చేశాంరా. ఇప్పుడు పద్దెనిమిదికి తగ్గించారు, చేతికి ఫోన్లిచ్చారు. ఇంకా నడుమంటావేంటి?”

“మొదలెట్టారండీ తండ్రీకొడుకులు! ఇంటిపని అనేసరికి ఒకరికి చెవి, ఒకరికి నడుం,” అంది సోయన్. అందులో సగం సరదా, సగం చిరాకు.

జేహా తల్లి వంక చూశాడు.

ఒక్క మాట చాలు. వాడి నడుం నిజంగానే దెబ్బతింది, వాణ్ణి ఎత్తనివ్వకండి అంటే సరిపోయేది. ఓక్‌హీ రెండు చేతులకీ కారం ముద్ద ఉంది. గడియారంలో పదీ ఇరవై. ఇప్పుడు నోరు విప్పితే తండ్రీకొడుకులకి గొడవ, గొడవకి ఓ గంట. తొట్టి బాల్కనీలోకి వచ్చేస్తే పనీ అయిపోతుంది, ఆసుపత్రికీ వెళ్లొచ్చు అనుకుంది. కొడుకు మంచికే అనుకుంది.

“నెమ్మదిగా తేరా,” అంది.

జేహా స్నానాల గదిలోకి వెళ్లాడు. తొట్టి పట్టుకుని లేచాడు, గుమ్మం దాటాడు, నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగు పడలేదు. తొట్టి బోర్లాపడి క్యాబేజీలు గదంతా దొర్లాయి, ఉప్పునీళ్లు సోఫా కిందికి పారాయి. వాడు ఆ నీళ్లలోనే వెల్లకిలా పడ్డాడు.

“అయ్యో అయ్యో! చేయడం ఇష్టంలేకపోతే చెప్పాలిగానీ, ఇలా...” అని సోయన్ అరిచింది.

“లే! లేవరా! నాటకాలాపి లే!” అన్నాడు చాంగ్‌సిక్.

జేహా నవ్వాడు. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

“అక్కడా ఇదే మాట నాన్నా. నాటకం. ఎడమ కాలు కదలట్లేదు. ఇదీ నాటకమే అనుకోండి.” తర్వాత అక్క వైపు తిరిగాడు. “నీ వ్యాసం సైన్యంలో మా గదిలో పైకి చదివారక్కా. పద్దెనిమిది నెలల గోడు జీవితాంతం వినాలా అని రాశావు చూడు, అది. పేరు చూసి మీ అక్కేనా అన్నాడొకడు. అప్పట్నుంచీ నేను డాక్టరు దగ్గరికి వెళ్తానన్నప్పుడల్లా, ముందు మీ అక్కనడిగి రారా అని ఒకటే నవ్వులు.”

సోయన్ మొహం ఎర్రబడింది. “అది నీ గురించి రాశానా? సైన్యం చేసొచ్చామంటూ ఉద్యోగాల్లో ముందు వాటా అడిగి మాకు అడ్డంపడేవాళ్ల గురించి రాశాను. మేం నోరెత్తితే చాలు, మీరు సైన్యానికి వెళ్లారా అని నోరు మూయించేవాళ్ల గురించి! నాకెన్నిసార్లు జరిగిందో నీకేం తెలుసు?”

“నువ్వు రాసింది అబద్ధమనలేదు. నీకు అన్యాయం జరగలేదనీ అనలేదు. అందులో నేనెక్కడున్నానని అడుగుతున్నా. నేనెవరికి అడ్డంపడ్డానక్కా? నాకింకా ఉద్యోగమే లేదు కదా!”

చాంగ్‌సిక్ కొడుకు చంకల కింద చేతులు పెట్టి లేవదీశాడు. ఎడమ పాదం నేలకి ఆనలేదు, వేలాడింది.  అది చూసి సోయన్ తడి చేతులతోనే అంబులెన్సుకి ఫోన్ చేసింది.

పెద్దాసుపత్రిలో నెరిసిన జుట్టు డాక్టరమ్మ జేహా పాదం ముందేసుకుని కూర్చుంది. సూదితో బొటనవేలి మీద గుచ్చుతూ, “నొప్పిగా ఉందా బాబూ?” అని అడిగింది.

“ఎప్పుడు గుచ్చుతారండీ?” అన్నాడు జేహా.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టింది. స్కానింగు తీయించి, మధ్యాహ్నానికి ఇంట్లోవాళ్లని మంచం దగ్గరికి పిలిచింది. “వెన్నులో డిస్కు చిట్లి నరాన్ని నొక్కేస్తోంది. ఈ సాయంత్రమే ఆపరేషన్ చేస్తాం. నడుస్తాడు. పాదం మళ్లీ మామూలుగా లేస్తుందో లేదో మాత్రం నేను మాటివ్వలేను. ఇది ఇవాళ జరిగింది కాదు. రెండు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.” ఆవిడ జేహా వైపు చూసింది. “ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?”

జేహా పైకప్పు వంక చూస్తూ చెప్పాడు. “లేదండీ. నేనే దాచాను.”

“ఎందుకు దాచావురా సన్నాసీ!” అన్నాడు చాంగ్‌సిక్. సోయన్ తమ్ముడి చెయ్యి పట్టుకుని ఏడుపందుకుంది.

ఓక్‌హీ గోడ దగ్గర నిలబడి ఉంది. కొడుకు ఆ అబద్ధం తనకోసమే ఆడాడని ఆవిడకి తెలుసు. ఊరుకుంటే చాలు, ఇక జన్మలో ఎవరికీ తెలియదు. తనూ వాళ్లతోపాటు ఎందుకు దాచావురా అని ఏడవచ్చు. నోరు అలా ఏడవడానికే తెరుచుకుంది కూడా. అంతలో కొడుకు మొహం చూసింది. ఆ వయసులోనే వాడికి అబద్ధం అంత చక్కగా ఎలా వచ్చిందో, ఎవరు నేర్పారో తెలిసి, ఆవిడకి తనమీద తనకే అసహ్యం వేసింది.

“వాడు దాచలేదు,” అంది. “నాకు చెప్పాడు. మూడుసార్లు ఫోన్ చేసి చెప్పాడు. కమాండరుకి ఒక్క ఫోన్ చేయమని అడుక్కున్నాడు. ఇవాళ పొద్దున కూడా రెండుసార్లు అడిగాడు. నేనే మగపిల్లాడివి ఓర్చుకో అన్నాను. కిమ్చీ అయ్యాక చూద్దాంలే అన్నాను.”

 డాక్టరమ్మ కాగితాలు తీసుకుని మెల్లగా బయటికి నడిచింది.

“నాకెందుకు చెప్పలేదమ్మా?” అంది సోయన్.

“చెబితే ఏమనేదానివే?”

ఓక్‌హీ ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. 

“నవ్వేదాన్ని,” అంది సోయన్. తర్వాత మొహం చేతుల్లో దాచుకుని, “నాకు నెలనెలా నొప్పొచ్చి మెలికలు తిరిగిపోతుంటే నువ్వేమనేదానివమ్మా? ఆడపిల్లవి, ఓర్చుకో అనేదానివి. ఆ మాట మీద కసితోనే కదా నేనింత దూరం వచ్చాను! అదే మాట నా పక్కగదిలో వీడికీ అంటున్నారని ఒక్కనాడు తట్టలేదు నాకు,” అంది.

చాంగ్‌సిక్ కుర్చీలో కూలబడ్డాడు. ఎవరూ అడక్కుండానే చెప్పాడు. “నా చెవి బస్సు వల్ల పోలేదు. సైన్యంలో సార్జెంటు కొట్టాడు. మా అమ్మకి కూడా చెప్పలేదు.” ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన ఓక్‌హీకి ఆ సంగతి ఇప్పుడే తెలిసింది.

సోయన్ మొహం కడుక్కుని వరండాలోకి వెళ్లింది. కాసేపటికి, జేహా కమాండరుతో ఫోన్లో మాట్లాడుతున్న ఆమె గొంతు గదిలోకి వినబడింది. “నేను అక్కనండీ. కాదు, కంగారుపడి మాట్లాడట్లేదు. రెండు నెలలుగా ఎన్నిసార్లు డాక్టరు కావాలని అడిగాడో, ఎవరు ఎందుకు పంపలేదో నాకు రాతపూర్వకంగా కావాలి. మీ పేరు చెప్పండి, రాసుకుంటాను.” సభల్లో మాట్లాడే గొంతే అది. జేహా కళ్లు మూసుకుని వింటున్నాడు.

“ఎందుకు చెప్పేశావమ్మా?” అన్నాడు. “నేను కప్పేశానుగా.”

“ఇంకెన్నాళ్లు కప్పుతావురా?”

“మరి ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయేదమ్మా?”

వాడు అరవలేదు. అరిచి ఉంటే ఆవిడకి కాస్త తేలిగ్గా ఉండేది.  ఓక్‌హీకి క్షమించమని అడిగే మొహం లేదు. జేహా గడ్డం వణికింది. చిన్నప్పట్నుంచీ వాడు ఏడవబోయినప్పుడల్లా వద్దురా అనేది ఆవిడే. ఇప్పుడు ఏమీ అనలేదు. వాడు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తుంటే, చాంగ్‌సిక్ లేచి వాడి తల తన పొట్టకి ఆనించుకున్నాడు. ఓక్‌హీ మంచం చివర కూర్చుని, కారం ఇంకా వదలని చేతులతో కొడుకు ఎడమ పాదం పట్టుకుంది.

ఏడుపు తగ్గాక జేహా అన్నాడు, “అమ్మా, ఎక్కడున్నావు?”

“ఇక్కడేరా, నీ కాళ్ల దగ్గర. నీ పాదం పట్టుకునే ఉన్నా.”

“గట్టిగా పట్టుకోమ్మా. తెలియట్లేదు.”

ఆవిడ అప్పటికే ఎంత గట్టిగా పట్టుకుని ఉందంటే, వాడి కాలివేళ్లు అయిదూ తెల్లబడిపోయి ఉన్నాయి.