అడ్మిన్ గారి టెస్ట్ క్లిక్

హృషికేశ్ చావుకు పట్టిన సమయం నాలుగు నిమిషాలు.

ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద టీ కొట్టు దగ్గర నిలబడి అతను ఫోన్‌లో ఒక లింక్ చూస్తున్నాడు. ఇంట్లో మిక్సీ జార్ పగిలి వారమైంది. 'సుష్మ డీల్స్' అనే ఛానల్ నుంచి సగం ధరకే జార్ అని లింక్ వచ్చింది. ఎక్కడుంటే అక్కడికే, పది నిమిషాల్లో డెలివరీ అట. అతను తటపటాయిస్తుంటే పక్కనున్న అమూల్య తొందరపెట్టింది.

"నొక్కు అన్నా. ఆఫర్ పోతది."

నొక్కాడు. లొకేషన్ చూడవచ్చా, అలర్ట్ పంపవచ్చా అని పేజీ అడిగితే అలౌ అన్నాడు. తొమ్మిదో నిమిషంలో, డెలివరీ దగ్గరికొచ్చిందని అతని ఫోన్ టింగుమంది. డెలివరీ బ్యాగు తగిలించుకున్న మనిషి తిన్నగా అతని దగ్గరికే వచ్చి, డబ్బా చేతికిచ్చి, స్క్రీన్ మీద సంతకానికి స్టైలస్ అందించాడు. అందిస్తూ దాని వెనక మొనను అతని చేతికి తగిలించాడు. చీమ కుట్టినట్టు అనిపించిందని హృషికేశ్ నవ్వుతూ చెప్పాడు కూడా. రెండో నిమిషంలో మాట తడబడింది. నాలుగో నిమిషంలో అమూల్య ఒళ్లో పోయాడు.

దవాఖానాలో గుండెపోటు అన్నారు. డబ్బా విప్పి చూస్తే ఖాళీ.

ఆ ఇద్దరూ దేశ రహస్య నిఘా విభాగంలో ఏజెంట్లని వాళ్ల ఇళ్లలోనే తెలియదు. ఆరేళ్లు ఒకే బైక్ మీద తిరిగారు. ఉద్యోగంలో అమూల్యకు అన్నీ నేర్పినవాడు అతనే. ఆ రోజు నుంచి ఆమెకు టీ సహించడం లేదు. 'నొక్కు అన్నా' అన్న తన గొంతే తనకు వినపడుతోంది. ఆ మాటకు బదులు తీర్చుకోవాలి, అంతే.

నాలుగు నెలల తర్వాత, డిసెంబరులో పిలుపు వచ్చింది.

ఉప్పల్ రింగ్ రోడ్ పక్క సందులో ఎలక్ట్రికల్ షాపు పైన 'డిజిటల్ మార్కెటింగ్ శిక్షణ, నూరు శాతం ప్లేస్‌మెంట్' అని ఒక బోర్డు ఉంటుంది. విభాగం ఆఫీసు అదే. చీఫ్ ఉమామహేశ్వర్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు. గోడ గడియారం ఒక నిమిషం తప్పినా ఊరుకోడు.

"కూర్చో అమూల్యా."

"నిలబడే వింట సార్."

"సరిహద్దు అవతలి ముఠా ఒకటి మన ఏరియాలో పనిచేస్తోంది. దాన్ని ఇక్కడ నడిపే మనిషిని అడ్మిన్ అంటారు. ముఖం ఎవరూ చూడలేదు. కమీషన్ మీద సరుకు అమ్మే అఫిలియేట్ లింకులు వాళ్ల ఆయుధం. మామూలుగా ఆ లింక్ చివర ఒక ట్యాగ్ ఉంటుంది, ఏ మనిషి పంపితే కొన్నారో తెలియడానికి. వీళ్లు ఆ ట్యాగ్‌లో చంపాల్సిన మనిషి పేరు పెడతారు. అతను నొక్కగానే అతనెక్కడున్నాడో డెలివరీ మనిషికి మ్యాప్‌లో చుక్కలా కనిపిస్తుంది. మిగతాది నువ్వు చూశావు."

"తర్వాత ఎవరు?"

"నాచారంలో ఒక మందుల కంపెనీ సైంటిస్టు, నరసింహమూర్తి. సైన్యం కోసం విషానికి విరుగుడు తయారుచేస్తున్నాడు. ఆయనకు రెండుసార్లు లింక్ వచ్చింది. రెండుసార్లూ నొక్కాడు."

అమూల్య తలెత్తింది. "బతికే ఉన్నడా?"

"ఆయన ట్యాగ్ 'మూర్తి-ఆర్&డీ'. లింక్‌లో & గుర్తు వస్తే ఒక వివరం అక్కడితో అయిపోయిందని కంప్యూటర్ అనుకుంటుంది. 'మూర్తి-ఆర్' వరకే చేరింది. ఆ పేరుతో వాళ్ల లిస్టులో ఎవరూ లేరు. చుక్క పడలేదు."

హృషికేశ్ ట్యాగ్ 'హృషి-ఉప్పల్'. అందులో అలాంటి గుర్తు లేదు. మనిషి ప్రాణం ఆధారపడింది ఇంత చిన్నదాని మీద.

"మూర్తిని దాచేస్తే అడ్మిన్ కూడా దాక్కుంటాడు," అన్నాడు చీఫ్. "అదృష్టం ఏమిటంటే వాళ్లకూ మన ఆఫీసుల్లాంటి కష్టమే వచ్చింది. లింక్ ఎలా బాగుచేయాలో అర్థంకాక ఫ్రీలాన్సర్ కావాలని ప్రకటన ఇచ్చారు. స్పెషల్ క్యారెక్టర్ల వల్ల ట్రాకింగ్ పోతోంది, అర్జెంట్, నాచారం ఆఫీసుకు వచ్చి చేయాలి అని. ఏడుగురు అప్లై చేశారు. ఆరుగురికి ఈరోజే వేరే చోట మంచి ఇంటర్వ్యూలు వచ్చాయి."

"ఏడో మనిషిని నేను."

"నీ పేరు హరిణి. సాయంత్రం నాలుగింటికి మూర్తికి మళ్లీ లింక్ పంపుతారు. మన బలగమంతా ఆయన దగ్గరే ఉంటుంది. నువ్వు అడ్మిన్ ఎక్కడున్నాడో కనుక్కో. నాకు ప్రాణాలతో కావాలి."

"ఆ సుష్మ?"

ఉమామహేశ్వర్ కొంచెం ఇబ్బంది పడ్డాడు. "సుష్మ మనకూ సమాచారం ఇస్తుంది. వాళ్ల దగ్గరా పనిచేస్తుంది. హృషికేశ్‌కే రిపోర్టు చేసేది. నిన్ను చూడలేదు."

"అన్న ఇంట్ల జార్ పలిగిందని ఆ లింక్ పంపినోళ్లకు ఎట్ల తెలిసింది సార్?"

చీఫ్ సొరుగు లోంచి ఒక కళ్లజోడు తీసి ఇచ్చాడు. ఫ్రేములో కెమెరా, చెవి దగ్గర స్పీకర్. అడ్మిన్ జాడ దొరికితే చెప్పాల్సిన మాట, 'జార్ దొరికింది'. ఆ మాట ఎంచుకున్నది అమూల్యే.

మధ్యాహ్నం రెండున్నరకు నాచారం పారిశ్రామికవాడలో, మల్లాపూర్ వెళ్లే దారిలో ఒక షెడ్డు పై అంతస్తుకు చేరింది. నూనె పెట్టి బిగించిన జడ, వెలిసిపోయిన ల్యాప్‌టాప్ బ్యాగు, మెడలో ఏదో కోచింగ్ సెంటర్ ఐడీ కార్డు తాడు. కింద లేత్ మెషిన్ల మోత. పైన ఏసీ గది, సెంటు వాసన, వీడియోలు తీసే లైట్ల మధ్య సుష్మ. లక్షమంది ఆమె చెప్పిన ప్రెషర్ కుక్కర్లు కొన్నారంటే ఆశ్చర్యం లేదు. పట్టు చీరలో కూర్చుని నవ్వితే ఎవరైనా కొనేస్తారు.

"నువ్వేనా హరిణి? ఆలస్యం చేశావే," అంది సుష్మ, కాకినాడ యాసలో. "త్వరగా చెయ్యమ్మా. నాలుగింటికి ఒక ఆఫర్ వెళ్లాలి. మా అడ్మిన్ గారు లైన్లో ఉన్నారు."

టేబుల్ మీద స్పీకర్ ఫోన్ గొంతు సవరించుకుంది. "పని రాని వాళ్లంటే నాకు పడదు," అంది ఒక మగ గొంతు. వెనకాల పళ్లేల చప్పుడు.

"ఫికర్ చేయకుండ్రి సార్. జర సేపట్ల అయిపోతది."

అమూల్య లింక్ తెరిచింది. పని నిజంగానే చిన్నది. & బదులు %26 అని రాస్తే కంప్యూటర్ దాన్ని పేరులో భాగంగానే చదువుతుంది. రెండు నిమిషాల పనికి ఆమె ఇరవై నిమిషాలు తీసుకుంది. కన్సల్టెంట్లందరూ చేసేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

సుష్మ కాఫీ కలుపుకోవడానికి పక్కగదిలోకి వెళ్లింది. అమూల్య పంపిన లింకుల చిట్టా ఉండే లాగ్ తెరిచింది. ముఠా పాపాలన్నీ వరసగా ఉన్నాయి. ఒక వరస దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

'హృషి-ఉప్పల్. తయారుచేసినవారు: సుష్మ. డెలివర్డ్.'

పక్కగదిలోంచి చెంచా చప్పుడు, సన్నగా పాట. లేచివెళ్లి ఆ మెడ పట్టుకోవాలనిపించింది. చేతులు టేబుల్ అంచుకు నొక్కిపెట్టుకుంది. హృషి అన్న ఉంటే అనే మాట గుర్తొచ్చింది, 'ముందు పని, తర్వాత కోపం.' లాగ్‌లో అన్నిటికన్నా పైన, ఏడాది కిందటి మొదటి వరస చూసింది. 'టెస్ట్. తయారుచేసినవారు: అడ్మిన్. లొకేషన్: అలౌ. అలర్ట్: అలౌ.'

పేజీ కట్టిన రోజు అడ్మిన్ తన ఫోన్‌తోనే పరీక్షించుకున్నాడు. ఒకసారి అలౌ అంటే ఆ ఫోన్ మళ్లీ అడగదు. ఆ సంగతి అతను మరిచిపోయి ఉండాలి.

ఇంకో చిన్న పని మిగిలింది. అదీ చేసేసి కళ్లజోడు సర్దుకుంది.

"అయిపోయింది మేడమ్," అంది సుష్మ రాగానే. "సార్, ఒక్కసారి మీరు టెస్ట్ క్లిక్ చేసి చూస్తరా? క్లయింట్ చూసి ఓకే అంటేనే మేం పని క్లోజ్ చేస్తం."

"సుష్మ నొక్కుతుంది."

"మేడమ్ ఫోన్ల వస్తది సార్, ఈ వైఫై మీదనే ఉన్నరు గదా. బయట వస్తదా రాదా అన్నదే ప్రశ్న. మల్ల నాలుగింటికి రాకపోతే నన్ను అనద్దు."

అడ్మిన్ ఎవరినీ నమ్మడు. నమ్మనివాడు ప్రతిదీ తనే నొక్కి చూసుకుంటాడు. "సరే. ముందు సుష్మ ఆ లింక్ చదివి చెప్పాలి," అన్నాడు.

సుష్మ వంగి చదివింది. ఆమె నుదురు ముడిపడింది. 'మూర్తి-ఆర్%26డీ'.

"ఇది టెస్ట్ ట్యాగ్ కాదే..." అని గొణిగింది.

"అవునా మేడమ్?" అమూల్య అమాయకంగా స్క్రీన్ కిందికి జరిపింది. "వెయిటింగ్ లిస్టుల ఇవే కనిపించినయ్. మీ పేరు గూడ ఉన్నది. పోనీ దాంతోని టెస్ట్ చెయ్యాల్నా?"

'సుష్మ-మల్లాపూర్. తయారుచేసినవారు: అడ్మిన్. పెండింగ్.'

సుష్మ కాఫీ కప్పు కింద పెట్టేసింది. ఆ లిస్టులో పేరు పడితే ఏమవుతుందో ఆ గదిలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. లిప్‌స్టిక్ కింద పెదవులు పాలిపోయాయి.

"ఏమిటి ఆలస్యం?" అంది స్పీకర్.

సుష్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తెరిచేసరికి గొంతులో మళ్లీ తేనె వచ్చేసింది. "చూశానండి అడ్మిన్ గారూ. టెస్ట్ లింకే. నొక్కేయండి."

అతను నొక్కాడు.

"సక్సెస్ అని వచ్చింది. బాగుంది," అన్నాడు తృప్తిగా. లైన్ కట్టయింది.

లాగ్‌లో చుక్క మూడు సెకన్లు వెలిగి చెరిగిపోయింది. మూడు సెకన్లూ కళ్లజోడు చూసింది. మూర్తి పేరుతో పడిన ఆ చుక్క డెలివరీ మనిషికి దానంతటదే వెళ్లిపోతుంది. మధ్యలో మనిషి చెయ్యి పడకూడదని అడ్మిన్ పెట్టుకున్న ఏర్పాటే అది.

"చార్జర్ బండిల ఉన్నది, తెచ్చుకుంట," అని అమూల్య మెట్లు దిగింది. "సార్, జార్ దొరికింది."

"ఉప్పల్ రింగ్ రోడ్ దగ్గర బేకరీ," అన్నాడు చెవిలో ఉమామహేశ్వర్. "మనవాళ్లు నాచారంలో ఉన్నారు, చేరేసరికి పదిహేను నిమిషాలు. ఆ డెలివరీవాడు ముందే చేరతాడు. అమూల్యా, అడ్మిన్ ప్రాణాలతో కావాలి."

ఆమె స్కూటీ హబ్సిగూడ వైపు కాకుండా లోపలి దారుల్లో పరుగు తీసింది. లారీల మధ్య దూరుతూ ఆమె తనను తాను అడిగిన ప్రశ్న ఒకటే. కొంచెం నెమ్మదిగా వెళ్తే ఏమవుతుంది? ట్రాఫిక్ అని చెప్తే ఎవరు కాదంటారు?

బేకరీలో మూల టేబుల్ దగ్గర యాభై ఏళ్ల మనిషి ఒంటరిగా ఉన్నాడు. స్వెటర్, మడత పెట్టిన పేపరు, పళ్లెంలో కొబ్బరి దిల్‌పసంద్ ముక్క. బ్యాంకు మేనేజరో లెక్చరరో అనుకుంటారు. అమూల్య కౌంటర్ దగ్గర నిలబడి టీ చెప్పింది. నాలుగు నెలల తర్వాత మొదటి టీ.

అతని ఫోన్ టింగుమంది.

అతను దాన్ని చూశాడు. తర్వాత తలుపు వైపు చూశాడు. డెలివరీ బ్యాగు మనిషి తిన్నగా అతని దగ్గరికే వస్తున్నాడు. చేతిలో డబ్బా, స్క్రీన్, స్టైలస్.

"పార్సెల్ సార్. జర సంతకం పెట్టుండ్రి."

"నాది కాదు. వెళ్లిపో," అన్నాడు అడ్మిన్. కుర్చీ గోడకు ఆనింది. దారి లేదు. "ఆగు. నేను అడ్మిన్‌ని. నీకు చుక్కలు పంపేది నేనే."

"గట్ల చెప్పేటోళ్లు ఉంటరని అడ్మిన్ సార్ ముందే చెప్పిండు. ఏం చెప్పినా వినద్దన్నడు." వాడు అతని మణికట్టు టేబుల్‌కు అదిమాడు.

"ఆపు అమూల్యా," అన్నాడు చీఫ్ చెవిలో. ఆమె టీ గ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడింది.

"విను, విను. నిన్ను జూన్‌లో తీసుకున్నది నేను. విషం వచ్చేది సీడ్స్ కంపెనీ పార్సెల్‌లో. మేడిపల్లి గోడౌన్. ఆగస్టులో ఉప్పల్ మెట్రో కింద మనిషి, హృషికేశ్, వాడిని చంపమన్నది నేను. నేను కాకపోతే నాకెలా తెలుస్తుంది?"

ఆమె వినాలనుకున్నది అదే. కళ్లజోడు కూడా విన్నది.

స్టైలస్ దిగుతుండగా వేడి వేడి టీ గ్లాసుతో సహా డెలివరీ మనిషి ముఖం మీద పడింది. వాడి చెయ్యి తప్పింది. మొన అడ్మిన్ చర్మానికి వెంట్రుకవాసి పక్కనుంచి వెళ్లి దిల్‌పసంద్‌లో గుచ్చుకుంది. అమూల్య వాడి మోచెయ్యి వెనక్కి విరిచి, వాడి బ్యాగు పట్టీతోనే చేతులు కట్టేసింది.

తర్వాత స్టైలస్ తీసుకుని, చిన్నగా తుడిచి, అడ్మిన్ ఎదురుగా కూర్చుంది. మొనను అతని చూపుడు వేలి మీద ఆనించింది. గుచ్చలేదు. ఆనించింది.

"కదిలితే నీ ఇష్టం," అంది. "మావోళ్లు రావడానికి నాలుగు నిమిషాలు పడతదట. అది ఎంత పొడుగుంటదో మా అన్నకు తెలుసు. నువ్వు గూడ తెలుసుకో."

గోడ గడియారం వైపు చూస్తూ అడ్మిన్ ఏడ్చాడు. ఆమెకు జాలి కలగలేదు. కలగనందుకు సిగ్గూ వేయలేదు. నాలుగో నిమిషం దాటాక జీపులు ఆగాయి. ఆమె స్టైలస్‌ను కవర్లో పెట్టి ఉమామహేశ్వర్‌కు ఇచ్చింది.

"ప్రాణాలతోనే ఉన్నడు సార్. లెక్క చూసుకోండి."

ఆయన గడియారం చూసుకుని కవరు జేబులో పెట్టుకున్నాడు.

అయిదింటికి నాచారం షెడ్డులో ఆడ కానిస్టేబుళ్లు సుష్మకు బేడీలు వేస్తున్నారు. ఆమె ఇంకా బేరమాడుతూనే ఉంది. అడ్మిన్‌ను పట్టించింది తనే కదా, ఆ లింక్ ఓకే అన్నది తనే కదా అని. తలుపు దగ్గర అమూల్యను చూసి ఆగింది. జడ విప్పేసి ఉంది, మెడలో ఐడీ కార్డు తాడు లేదు.

"నువ్వు హృషికేశ్ మనిషివా?" అంది నెమ్మదిగా. తర్వాత అసలు ప్రశ్న అడిగింది. "ఒక్కటి చెప్పు. నా పేరు ఆ లిస్టులో నిజంగానే ఉందా?"

అమూల్య తన పాత ల్యాప్‌టాప్ బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"టెస్టింగ్‌ల డమ్మీ డేటా వేసుడు మామూలే మేడమ్."