మేక కోయని దసరా

"అన్నా, జర జరుగరాదు! దుకాణమంత నువ్వే కొన్నవా ఏంది?"

జమ్మికుంట స్టేషను రోడ్డులోని ఆ బట్టల దుకాణంలో, ఆరు పట్టుచీరల మధ్య తల పట్టుకుని కూర్చున్న యువకుడు ఉలిక్కిపడి పక్కకు జరిగాడు.

"కూసో చెల్లె. నాకు ఇప్పట్ల తెగేటట్టు లేదు."

అనసూర్య గద్దె అంచున కూర్చుంది. తండ్రి ముత్తయ్య నూలు కోసం చేనేత సంఘం ఆఫీసుకు వెళ్తూ, పంచెల జత ధర కనుక్కోమని ఆమెను ఇక్కడ దింపిపోయాడు. ఈ దసరాకు కాబోయే అల్లుడికి కొత్త పంచెలు పెట్టాలి. ధర వినగానే ఆమె గుండె జారింది.

"పైసలు ఎవలడిగిన్రు బిడ్డా?" అన్నాడు సేటు తీయగా. "తీస్కపో. పండుగ చేసుకోన్రి. తర్వాత సూసుకుందాం."

ఆ 'తర్వాత' ఎలా ఉంటుందో అనసూర్యకు తెలుసు. అక్క పెళ్లి ఖాయమైన ఏడాది కూడా సేటు ఇలాగే నవ్వాడు. మూడేళ్లు కట్టినా ఆ అప్పు తీరక, ఇంట్లో ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి పోయింది. ఆ మగ్గం గుంటలో ఇప్పుడు తల్లి బాలవ్వ పిడకలు పోసుకుంటోంది.

బయట ఒక్కసారిగా వాన అందుకుంది. పత్తి బండ్లవాళ్లు గోనెపట్టాలు కప్పుతూ అరుచుకుంటున్నారు. వాన వెలిసేదాకా కదిలేది లేదు.

"చెల్లె, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు," అన్నాడు ఆ యువకుడు. "ఆడోళ్లకు ఏ రంగు నచ్చుతది?"

"ఎవలికి?"

"నా ఇంటిదానికి. అంటే, ఇంక కాలే. ఖాయమైంది."

"పిల్ల ఎట్లుంటది? తెలుపా, చామనఛాయా?"

అతను బుర్ర గోక్కున్నాడు. "సూస్తే గద చెప్పుడు. పక్కల మా అవ్వ కూసున్నది, తల ఎత్తనీకె సిగ్గయింది. ఆ పిల్ల తల ఎత్తనే ఎత్తలే. పాపిట సూసిన. పాపిట మాత్రం మంచిగున్నది."

అనసూర్య పకపకా నవ్వింది. "పాపిటకు చీర కడ్తరా అన్నా?"

"నవ్వకు చెల్లె, పరేషాన్‌ల ఉన్న. గీ చీర అరువై అయిదు రూపాలట. రేపు సోలాపూర్ మిల్లు ఏజెంటు బయానా ఇస్తనన్నడు. అది సేటుకు కట్టి, ఏడాది అక్కడ పని చేస్తే తీరుతది."

"మరి లగ్గం?"

"వచ్చే ఏడాదికి పోతది. ఏం జేద్దు? ఖాయం చేసుకున్ననాడు మా అవ్వ పదిమందిల దసరాకు పట్టుచీర పెడ్తమన్నది."

అనసూర్య నవ్వు ఆగింది. తన ఖాయం రోజున కూడా అత్త కాబోయే ఆమె సరిగ్గా ఇదే మాట అంది. ఆమె చూపు మెల్లగా కిందికి దిగింది. ఆ రోజు తల వంచుకుని ఆమె చూసింది పెళ్లికొడుకు పాదాలనే. కుడికాలు బొటనవేలి గోరు నడిమికి చీలి ఉంది, మగ్గం తొక్కుడుచెక్క తగిలి.

ఇప్పుడు ఎదురుగా అదే గోరు.

అంటే ఈయన తనకు ఖాయమైన వీణవంక ఊరి సిద్దిరాములు. ఇందాకటి నుంచి తాను అన్నా అని పిలుస్తున్నది ఈ మనిషినే! చెవులు వేడెక్కాయి. లేచిపోదామంటే వాన. చెప్పకుండా ఊరుకుందామంటే సోలాపూర్.

"ఆ పిల్ల పట్టుచీర అడిగిందా?" అంది.

"అడగలే. కని వాళ్లు మేకను కోస్తున్రట. నలుబై రూపాల మేక! మేం నూలుచీర పట్టుకపోతే తల ఎక్కడ పెట్టుకోవాలె?"

"మీరు పట్టుచీర అన్నరనే మా అవ్వ మేక అన్నది! ఇంట్ల మేకపిల్ల గూడ లేదు. మిగిలిన ఒక్క మగ్గం తాకట్టు పెడ్తనంటున్నడు మా బాపు."

సిద్దిరాములు నోరు తెరిచాడు. "మీ... అవ్వనా?"

అనసూర్య కొంగు కొంచెం వెనక్కి జరిపి, తల వంచింది.

"పాపిట మంచిగున్నదంటివి గద. జర మంచిగ సూడు."

అతను చూశాడు. చేతిలోని చీర జారింది. సేటు అతణ్ణీ ఆమెనూ మార్చి మార్చి చూసి, ఏమీ అర్థం కాక చీర మడతపెట్టుకున్నాడు.

"నన్ను అన్నా అంటివి!" అన్నాడు సిద్దిరాములు చివరికి, ఏడుపు గొంతుతో.

"నువ్వు చెల్లె అనలేదా? అది ఇడిసిపెట్టు. సోలాపూర్ పోతవా?"

"నాకేమన్న సోకా పోనీకె?"

"అయితె ఇను. దసరాకు పన్నెండు దినాలున్నయి. నీ మగ్గం మీద చీర నెయ్యి. అల్లుని చేతిపని సూడాలని ఉన్నదని మా బాపుతోని మీ ఇంటికి కబురు చెప్పిస్త. నేతగానికి అంతకంటె గొప్ప ఏముంటది? మీ అవ్వకు నామోషీ ఉండది."

"మరి మేక?"

"చుట్టం వస్తే కొయ్యం అనుడు తప్పు. చుట్టమే తిననంటె?"

సిద్దిరాములు ముఖం వాడిపోయింది. "దసరా పూటనా?"

"మల్లన్నకు మొక్కిన, మాంసం ముట్టను అనాలె. ఏడాది సోలాపూర్‌ల ఉండెటోనివి, ఒక్క పూట ముక్క లేకుంట ఉండవా?"

వాన వెలిసింది. అతను దీర్ఘంగా నిట్టూర్చి, సరే అన్నట్టు తలూపాడు. ఆ నిట్టూర్పు ఎంత పెద్దదో చూశాకే అనసూర్యకు అతని మీద మనసు పూర్తిగా మళ్లింది.

సద్దుల బతుకమ్మకు ముందురోజు చీర వచ్చింది. చిలకపచ్చ నూలు, ఎర్రంచు. ముత్తయ్య దాన్ని వాకిట్లో వెలుగుకు పట్టి, వేలితో అంచు వెంట తడుముకుంటూ పోయాడు. 

"నేత గట్టిగున్నది," అన్నాడు. కొంత దూరం పోయాక వేలు ఆగింది. "ఇగో, ఇక్కడ రెండు పోగులు తప్పిండు. చెయ్యి మగ్గం మీద ఉన్నది గని మనసు ఎక్కడనో ఉన్నది." చీర మడిచి కూతురి చేతికిస్తూ మీసాల కింద నవ్వుకున్నాడు. "నేను గూడ గప్పట్ల గిట్లనే తప్పిన."

దసరా నాడు సిద్దిరాములు, అతని తల్లి పోశవ్వ భోజనానికి వచ్చారు. విస్తట్లో గారెలు, పప్పు, వంకాయకూర. వాడంతా మాంసం ఉడుకుతున్న వాసన. సిద్దిరాములు బుద్ధిగా వంకాయ నములుతున్నాడు గానీ, గాలి వీచినప్పుడల్లా అతని మెడ దానంతటదే పక్కింటి వైపు తిరుగుతోంది.

"ఈడు మల్లన్నకు ఎప్పుడు మొక్కిండో నాకు ఎరుకనే లేదు వదినె," అంది పోశవ్వ అనుమానంగా.

బాలవ్వ లోపలికి వెళ్లింది. ఒక గిన్నె తెచ్చి అల్లుడి విస్తరి పక్కన పెట్టింది. ఎర్రటి కూర, పొగలు కక్కుతోంది.

"అత్తా, మొక్కు..."

"మల్లన్నకు నేను చెప్పుకుంట. తిను బిడ్డా. వాడల ఎనిమిది ఇండ్లు కలిసి ఒక్క మేకను కోసినం. మాకొక పాలు వచ్చింది, అయిదు రూపాలకు. మొక్కు ఉన్నోడు పక్కింటి దిక్కు గట్ల సూస్తడా? గీ పిల్లేమో పది దినాల సంది మేక అంటె చాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నది."

తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. సిద్దిరాములు చెవులు కూర కంటే ఎర్రబడ్డాయి.

 పోశవ్వ కళ్లు తడిశాయి. "నిజం చెప్తున్న వదినె. ఈడు సోలాపూర్ పోతె ఒక్కదాన్నె ఎట్లుండాలె అని ఎన్ని దినాలు ఏడ్సిన్నో. అయినా నా నోటితోని అన్న మాట నేను వాపస్ తీసుకోలేకపోయిన."

"నేను తీసుకున్ననా? పోరలు తీసుకున్రు," అంది బాలవ్వ. ఆమెకూ ఇంకో గరిటె వడ్డించి, పక్కనే కూర్చుంది. "మాఘమాసంల లగ్గం పెట్టుకుందాం. ఉన్నదాంట్లనె. సరేనా?"

"సరే."

సాయంత్రం జమ్మిచెట్టు దగ్గరికి పోయివచ్చిన సిద్దిరాములు పెద్దలందరి చేతుల్లో ఆకు పెట్టి కాళ్లు మొక్కాడు. చివరికి ఒక రెమ్మ మిగిలింది. వంటింటి గడప దగ్గర చిలకపచ్చ చీరలో అనసూర్య నిలబడి ఉంది.

"చెల్లె, జమ్మి తీసుకోవా?"

"సోలాపూర్ పోయెటోళ్ల చేత తీసుకోను."

"పోతలేను. ఏజెంటు మొకం గూడ సూడలే." అతను గొంతు తగ్గించాడు. "ఆ రెండు పోగులు ఎందుకు తప్పినయో మీ బాపు చెప్పిండా?"

"చెప్పిండు."

"మరి ఇప్పుడన్న తల ఎత్తుతవా? పాపిట తప్ప ఏం సూడనియ్యవా?"

అనసూర్య తల ఎత్తి అతని ముఖంలోకి సూటిగా చూసింది, ఎంతసేపైనా చాలదన్నట్టు. అతనే ముందు కళ్లు దించుకున్నాడు. అప్పుడు ఆమె నవ్వి, మళ్లీ తల వంచింది.

సిద్దిరాములు ఆ జమ్మిరెమ్మను ఆమె పాపిటలో పెట్టాడు. లోపలి నుంచి బాలవ్వ గట్టిగా దగ్గింది, కానీ బయటికి మాత్రం రాలేదు.