తోకకు సున్నం

సుగెంగ్ శవం జావాలోని సురబయ రేవులో, చేపల పడవల మధ్య తేలింది. ముఖానికి పిట్టల పంజరం మీద కప్పే పూలగుడ్డ బిగించి ఉంది. జేబులో చిన్న రికార్డర్ దొరికింది. దాని నిండా ఉప్పునీళ్లు.

ఆ రికార్డర్‌ని ఇబు రెత్నో బల్ల మీద పెట్టింది. ఆమె వన్యప్రాణి నిఘా విభాగానికి చీఫ్. అందరూ 'ఇబు', అంటే అమ్మగారు, అంటారు. ఎదురుగా వాస్కితో అనే ఏజెంట్ నిలబడి ఉన్నాడు.

"టీ తాగుతావా?"

"పని చెప్పండి ఇబూ."

"సిరాయ్ దీవి మురై పిట్ట గుర్తుందిగా?"

గుర్తు లేకేం! పాటకి పేరుపడ్డ మురై పిట్టలన్నిటికీ తోకలో తెల్ల ఈకలుంటాయి. సిరాయ్ మురైకి మాత్రం తోకంతా నలుపే. ఆ దీవి అడవిని నరికి పామాయిల్ వేశారు. నరకని చోట జిగురుపుల్లలు పెట్టి పిట్టల్ని ఊడ్చేశారు. ఇప్పుడు మిగిలింది ఒక ఆడపిట్ట, కొండమీది రక్షణ కేంద్రంలో. ఒక మగపిట్ట, 'ఆర్కిడ్' ముఠా చేతిలో. ఆ రెండూ కలిస్తే జాతి ఉంటుంది. లేకపోతే లేదు.

"ఆదివారం సిదోఅర్జో ఊళ్లో జరిగే పిట్టల పాటల పోటీలో మగపిట్ట చేతులు మారుతోంది. మన ఏజెంట్ సుగెంగ్ చివరి మెసేజ్ అదే. ముఠా నాయకుడు, ఆ తెల్లదొర వెస్టర్‌గార్డ్ స్వయంగా వస్తున్నాడు. అక్కణ్ణించి కారు, కారు నించి పడవ. పడవెక్కిందా, ఇక అంతే సంగతులు."

"ఈ రికార్డర్‌లో ఏముంది?"

"సిరాయ్ మగపిట్ట పాట. అడవి ఉన్నప్పుడు సుగెంగ్ రికార్డు చేసుకొచ్చాడు. ఇంకో కాపీ లేదు. టెక్నికల్ వాళ్లు చేతులెత్తేశారు." ఇబు దాన్ని సొరుగులో వేసేసింది. "పోతే పోయింది. పాడేవాణ్ణే పట్టుకురా."

తర్వాత ఒక చేతిగడియారం ఇచ్చింది. మీట నొక్కితే అందులోంచి ఆడపిట్ట పిలుపు వస్తుంది. అసలైన సిరాయ్ మగవాడైతే పాట ఆపి బదులిస్తాడని ఆమె లెక్క.

"అక్కడ మన కాంటాక్ట్ మెల్దా. స్టేజీ మీద పాడుతుంది."

"ఆమె వాళ్ల మనిషి కూడా అని విన్నాను."

"రెండుచోట్లా జీతం తీసుకుంటుంది," అంది ఇబు. "మన దగ్గర ఆలస్యంగా."

* * *

వాస్కితో మేత అమ్మేవాడి వేషం వేశాడు. తలకి పాత టోపీ, ముందు తోపుడుబండి. బండి మీద డబ్బాలో కీచురాళ్లు, సంచిలో చీమగుడ్లు. గుడ్లతోపాటు కాసిని ఎర్రచీమలూ వచ్చాయి. అవి పొద్దుటి నుంచి అతని చేతుల్ని కొరుక్కు తింటున్నాయి.

మైదానం నిండా పంజరాలు, లవంగం సిగరెట్ల పొగ. స్టేజీ మీద పసుపురంగు తళుకుల గౌనులో మెల్దా పాట ముగించింది. విసనకర్ర ఊపుకుంటూ బండి దగ్గరికొచ్చింది. కళ్లు తిప్పుకోలేని అందం ఆమెది.

"కీచురాళ్లు తాజావేనా మాస్?" అంది, 'అన్నా' అని పిలిచినట్టు.

"నిన్నటివి. చీమగుడ్లు మాత్రం ఈ పొద్దుటివి."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "దొర గేటు దగ్గర నల్ల కారులో ఉన్నాడు. పిట్ట ఎవరి దగ్గరుందో నాకు చెప్పలేదు. వాళ్లకి నామీద నమ్మకం పోయింది."

"మాకూ పెద్దగా లేదులే."

మెల్దా నవ్వలేదు. "సుగెంగ్ రేవుకి వస్తాడని వాళ్లకి చెప్పింది నేనే. నాలుగు తగిలించి పంపేస్తారనుకున్నా. చంపుతారనుకోలేదు మాస్. ఒట్టు."

వాస్కితోకి ఆమె చెంప పగలగొట్టాలనిపించింది. కాని అతను మేత అమ్మేవాడు. చీమగుడ్లు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

బండి తోసుకుంటూ పంజరాల కిందుగా తిరిగాడు. మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఒక్క పిట్టా పాట ఆపలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. పిట్టని ఇక్కడికి తీసుకురానే లేదేమో, పడవ ఈపాటికి వెళ్లిపోయిందేమో అనుకున్నాడు. కాళ్లు లాగేశాయి.

మురై రౌండ్‌కి గంట కొట్టారు. యజమానులందరూ నీడకి చేరి పిట్టలకి స్నానం మొదలుపెట్టారు. సీసాలతో చల్లేవాళ్లు చల్లుతున్నారు, నోటితో పిచికారీ కొట్టేవాళ్లు కొడుతున్నారు. పోటీకి ముందు పిట్టకి నీళ్లు పోయని మనిషి జావాలో పుట్టలేదు.

ఒక్కడు మాత్రం పోయడం లేదు. పాక్ తర్ముది. పిట్టలకి పాట నేర్పడంలో పెద్ద పేరున్న ముసలాయన, అందుకే అందరికీ 'పాక్', అంటే అయ్యగారు. ఆయన మురై వేడికి నోరు తెరిచి రొప్పుతోంది.

"ఏంటి పాక్, మీవాడికి జలుబా?" అన్నాడు పక్కనున్న లావుపాటాయన.

"నిన్న పోశాలే."

"నిన్న నేను అన్నం కూడా తిన్నా. ఇవాళ మానేశానా?"

అందరూ నవ్వారు. వాస్కితో నవ్వలేదు. తర్ముది తన స్నానమైనా మానతాడు గాని పిట్టకి మానడు. నీళ్లు పడితే కారిపోయేది ఆ తోకకి ఏదో పూశారన్నమాట!

దగ్గరికెళ్లి మీట నొక్కాడు. ఆడపిట్ట పిలిచింది. పంజరంలోని మురై తల కూడా తిప్పలేదు. కెనరీ పిట్ట కూత కూసింది, ఆ వెంటనే చిలకలా కిచకిచలాడింది. ఇదేం మాయో వాస్కితోకి అర్థం కాలేదు. అర్థం చేసుకునే టైమూ లేదు.

గేటు దగ్గర వెస్టర్‌గార్డ్ చెయ్యెత్తి సైగ చేశాడు. తర్ముది పంజరానికి గుడ్డ కప్పి లేచాడు. కారు దాకా వెళ్లి అప్పగిస్తే ఆయన పని అయిపోతుంది. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. చుట్టూ మురైలు పాడుతున్నాయి. తనదాని ముందు అవన్నీ దిగదుడుపే.

"ఒక్క రౌండ్," అని గొణిగాడు. గుడ్డ తీసేసి పంజరాన్ని బరిలో తగిలించాడు.

ఆ పిట్ట పాడిన పాటకి మైదానం నోరు మూసుకుంది. జడ్జీలు మార్కులకి బదులు పాతే జెండాలన్నీ దాని కిందే పాతారు. తర్ముది ఏడుస్తూ చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతుల పక్కనుంచే ఇద్దరు బాడీగార్డులు పంజరం లాక్కుని కారులో పడేశారు. ఇంజిన్ రెచ్చిపోయింది.

వాస్కితో పోలీసులకి సిగ్నల్ ఇచ్చాడు. తాము వచ్చే వైపు రోడ్డంతా పంజరాల మోటార్‌సైకిళ్లతో జామ్ అయిపోయింది, ఐదు నిమిషాలు పడుతుందన్నారు.

"మెల్దా! మైకు! తోకకి రంగు!" అని అరిచాడు.

మెల్దా మైకు వైపు చూసింది, కారు వైపు చూసింది. నోరు విప్పితే ఆర్కిడ్ తనని బతకనివ్వదని ఆమెకి తెలుసు. మైకు అందుకుంది.

"అయ్యలారా! గెలిచిన పిట్ట తోకకి రంగేశారు! దొంగ పిట్ట! అదిగో, నల్ల కారులో పారిపోతున్నారు!"

ఈ జాతిలో ఆఖరిది, కాపాడండి అని ఉంటే సగం మంది ఇంకో సిగరెట్ వెలిగించుకునేవాళ్లు. కాని పోటీలో మోసమా? మైదానం మొత్తం కారు మీదికి దూకింది. లావుపాటాయన బానెట్ మీదే కూర్చున్నాడు.

వెస్టర్‌గార్డ్ తలుపు తెరిచి దిగాడు. గుప్పిట్లో పిట్ట ఉంది. "దారివ్వండి! లేకపోతే పిసికేస్తా!"

అందరూ ఆగిపోయారు. బొటనవేలు పిట్ట మెడ మీద బిగుస్తోంది. వాస్కితో జనంలోంచి తోసుకొచ్చి చీమగుడ్ల సంచి ఆ చేతి మీద బోర్లించాడు. ఎర్రచీమలు చొక్కా చేతిలోకి పాకాయి. దొర కేక పెట్టాడు, గుప్పిలి విడిపోయింది. పిట్ట వాస్కితో చాచిన టోపీలో పడింది.

ఎవరో సీసాడు నీళ్లు చల్లారు. తోక నుంచి తెల్లగా సున్నం కారింది. కింద నల్లటి ఈకలు మెరిశాయి.

పోలీసులొచ్చాక వాస్కితో స్టేజీ వైపు చూశాడు. మైకు నేల మీద దొర్లుతోంది. పక్కన పసుపు చెప్పు ఒకటే ఉంది. ఆ తర్వాత మెల్దాని చూసినవాళ్లు లేరు.

* * *

కొండమీద రెండు పంజరాలూ పక్కపక్కన పెట్టారు. మధ్యలో సన్నటి వల. ఆడపిట్ట పిలిచింది.

మగపిట్ట రెక్కలు విదిలించి పాట ఎత్తుకుంది. కెనరీ కూసింది, చిలకలా అరిచింది, పోటీ గంట కూడా మోగించింది. ఆడపిట్ట కాసేపు విని, అవతలి మూలకెళ్లి వీపు తిప్పి కూర్చుంది.

వర్షాలు వచ్చి వెళ్లాయి. అది రోజూ పాడింది. ఇది రోజూ మూలకెళ్లింది.

"దీని పాట ఏమైంది ఇబూ?"

"పిల్లగా ఉండగానే పట్టుంటారు. తండ్రి దగ్గర నేర్వాల్సింది తర్ముది క్యాసెట్ల దగ్గర నేర్చింది."

సుగెంగ్ రికార్డర్ పట్టుకుని వాస్కితో సురబయలో రిపేరు షాపులన్నీ తిరిగాడు. అందరూ మూత తెరిచి, ఉప్పు చూసి, మూసేశారు. వెస్టర్‌గార్డ్ చేత జరిమానా కట్టించి, వాళ్ల దేశానికి విమానం ఎక్కించేశారు. లాకప్‌లో ఉన్న తర్ముది మాత్రం వచ్చిన ప్రతివాణ్ణీ ఒకటే అడుగుతున్నాడు. "నావాడు పాడుతున్నాడా?"

ఒకరోజు ఆఫీసుకి పార్సిల్ వచ్చింది. పోటీ కమిటీ పంపింది. రంగేసిన తప్పు యజమానిదే గాని పిట్టది కాదని వాళ్లు తీర్మానించారట. లోపల ఇత్తడి కప్పు ఉంది.

ఇబు రెత్నో దాన్ని సుగెంగ్ ఫోటో పక్కన పెట్టింది. "మన విభాగం పెట్టాక వచ్చిన మొదటి బహుమతి."

"దేనికిచ్చారు?"

ఇబు కళ్లజోడు తుడుచుకుని కప్పు మీది అక్షరాలు చదివింది.

"పాటకి."