నలభై రోజుల పట్టిక

సూర్యాపేట మిషన్ బడి పంతులు దేవదాసు పొద్దున్నే సుద్దముక్క పట్టుకుని వంటింటి గోడ ముందు నిలబడ్డాడు. గోడమీద నలభై గళ్ళున్నాయి. భార్య రూతమ్మ హైదరాబాదు వెళ్ళి మంత్రసాని లైసెన్సు పరీక్షకు కూర్చోవడానికి నలభై రోజులుండగా ఆయన గీసిన పట్టిక అది. ఏ రోజు ఏ పాఠం, ఏ గంటకు ఏ పేజీ, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. పద్నాలుగు రోజులు గడిచిపోయాయి. వాటిలో రూతమ్మ చదివింది రెండంటే రెండు గళ్ళు. మిగతా పన్నెండూ ఎటు పోయాయో తలచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

"ఇయ్యాల పదిహేనో రోజు. బిడ్డ అడ్డం తిరుగుడు, ఇరవై పేజీలు," అన్నాడు దేవదాసు. "వెనకవడ్డ పాఠాలు రోజుకు సగం సొప్పున కలుపుకుంటే ఖతం. పరేషాన్ కాకు."

"కలుపుకోవడానికి రోజులో గంటలేవండీ?" పొయ్యి ఊదుతూనే అడిగింది రూతమ్మ. ఆమె పుట్టిల్లు కోదాడ. పదేళ్ళు కాపురం చేసినా మాట ఇంకా అటువైపుదే.

అసలు తప్పంతా దేవదాసు పథకంలోనే ఉంది. ఇంట్లో చదువు సాగదని మూడో రోజునే ఆమెను మిర్యాలగూడలో తన అక్క జానమ్మ ఇంటికి పంపాడు. అక్కడ ఆమె ఎవరికీ తెలియదు, ఎవరూ పిలవరు అనుకున్నాడు మహానుభావుడు. జానమ్మకేమో మరదలి గొప్ప కడుపులో దాగలేదు. పట్నం పరీక్షకు పోయే మంత్రసాని మా ఇంట్లో దిగిందని వీధి వీధంతా చాటింది. దిగిన రోజునే రెండు కాన్పులు. బొడ్డు కోసినామే పదకొండు రోజులూ వచ్చి తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోయాలి. మధ్యలో వదిలి వెళితే బిడ్డకు మంచిది కాదని ఏ ఇంటివాళ్ళూ ఒప్పుకోరు. అలా చదువుకోవడానికి వెళ్ళిన మనిషి పదకొండు రోజులూ ఇద్దరు పసివాళ్ళకు నీళ్ళు పోసి, పుస్తకం మూట విప్పకుండానే నిన్న తిరిగొచ్చింది.

పోయిన ఏడు రజాకార్ల గడబిడలో పట్నం వెళ్ళడమే కుదరలేదు. ఈసారి లైసెన్సు కాగితం తేకపోతే ఆమెకని ఉంచిన మంత్రసాని ఉద్యోగం ఇంకొకరికి ఇస్తామని దవాఖాన డాక్టరమ్మ గట్టిగా చెప్పేసింది.

"ముత్తమ్మా! ఓ ముత్తమ్మా!"

గుమ్మంలో యాదమ్మ ఆయాసపడుతోంది. రెండు వీధుల అవతల గొర్లు మేపుకునే వాళ్ళ ఇల్లు ఆమెది. "మా బిడ్డ తిరుపతమ్మకు తెల్లారగట్ల నుంచి నొప్పులు. దాని బొడ్డు కోసింది నువ్వే. జర మీ కోడలిని తోలు, నీ కాళ్ళు మొక్కుత."

దేవదాసు తల్లి ముత్తమ్మ అరుగుమీద ఎండకు కూర్చుని ఉంది. నలభై ఏళ్ళు ఊరందరి కాన్పులూ చేసిన మంత్రసాని ఆమె. రూతమ్మకు ఈ పని నేర్పిందీ ఆమే. రెండు కళ్ళలోనూ పొరలు కమ్మి రెండేళ్ళుగా ఇల్లు కదలడం లేదు.

"వస్తది పో. నీళ్ళు మరగవెట్టు. నీ ఎన్కనే వస్తది," అంది ముత్తమ్మ.

యాదమ్మ వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయింది. రూతమ్మ ఊదుగొట్టం విసిరికొట్టి బయటికొచ్చింది.

"అత్తమ్మా, నన్నొక్క మాట అడిగారా? ఇప్పుడు వెళితే మళ్ళీ పదకొండు రోజులు! ఉన్నవి ఇరవై ఆరు. ఒప్పుకునేది మీరు, తిరిగేది నేను!"

"పాణం మీదికొచ్చిన పిల్లను నీ సదువైనంక రమ్మందునా?"

"అవ్వా, రూతమ్మా, జర ఆగుండ్రి," అంటూ దేవదాసు మధ్యలోకొచ్చాడు. "పట్టికల పొద్దుగాల ఓ గంట జరిపితే..."

"ఆ పట్టిక నా ముందు ఎత్తకండి!" రూతమ్మ అతనిమీదికి తిరిగింది. "అందులో అన్నం వండేది ఏ గంటకు రాశారు? నీళ్ళు తెచ్చేది, బట్టలుతికేది ఏ గడిలో ఉందో చూపించండి! ఒంట్లో ఉన్న ఎముకలన్నిటికీ గళ్ళున్నాయి, ఇంటిపనికి ఒక్క గడీ లేదు!"

దేవదాసు గోడవైపు చూశాడు. నిజంగానే లేదు. సుద్దముక్క మెల్లగా జేబులో వేసుకున్నాడు.

రూతమ్మ మళ్ళీ అత్తవైపు తిరిగింది. "నేను పాసవ్వడం మీకిష్టం లేదు. అసలు మాట అదే."

"ఇష్టం లేకనే చెయ్యి వట్టుకొని నేర్పిన్నా?" అని ముత్తమ్మ గద్దించింది. ఆ వెంటనే గొంతు తగ్గించింది. "యాదమ్మ ఏమని పిలిచింది? ముత్తమ్మా అని పిలిచింది. వచ్చేది నువ్వని దానికీ ఎరికే. ఇయ్యాల రాదంటే రేపు ఆ పిలుపు గూడ ఉండది. నువ్వు కాయితం తెచ్చుకున్నంక నన్నెవరు పిలుస్తరు పిల్లా? గందుకే ఎవరొచ్చినా వస్తది పో అంటున్న. నాది తప్పే."

రూతమ్మ కోపం అలాగే ఉంది, కానీ దాన్ని ఎవరిమీద చూపించాలో తెలియలేదు. లోపలికెళ్ళి సంచీ తెచ్చి భుజానికి తగిలించుకుంది.

"లేవండి అత్తమ్మా."

"యాడికి?"

"యాదమ్మ పిలిచింది మిమ్మల్నే కదా."

"కండ్లు గనవడనిదాన్ని, నేనొచ్చి ఏం జేస్త?"

"లేవండి ముందు. నా కోపమింకా తగ్గలేదు." భర్తవైపు తిరిగి, "అన్నం మీరు వండండి. పట్టికలో కూడా రాసుకోండి," అంది.

మధ్యాహ్నానికి తిరుపతమ్మకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల గట్టిగా ఏడ్చింది. రూతమ్మ దారం రెండుచోట్ల బిగించి కట్టింది. మరిగించిన నీళ్ళలోంచి కత్తెర తీసి, అత్త చేతులు శుభ్రంగా కడిగించి, కత్తెర ఆమె వేళ్ళకు తొడిగింది. తన చెయ్యి ఆ చేతిమీద వేసి, సరిగ్గా కొయ్యాల్సిన చోట ఆనించింది.

"కొయ్యండి అత్తమ్మా."

ముత్తమ్మ చెయ్యి ఒక్క క్షణం కూడా వణకలేదు. కోసిన తర్వాతే ఆమెకు తట్టింది. "ఓసి నీ... నేను కోస్తే పదకొండొద్దులు నీళ్ళు నేనే పొయ్యాలె గదనే!"

"పోయండి. పిల్లను కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పోయడానికి కళ్ళెందుకు? మీ చేతులకు తెలియదా?"

"నేనొచ్చి తోల్కపోత ముత్తమ్మా," అంది యాదమ్మ. "రోజూ వాకిట్లకొచ్చి పిలుస్త."

పిల్లను ఒళ్ళోకి తీసుకున్న ముత్తమ్మ ఆ చిన్న వీపును అరచేత్తో తడుముతూ కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. రూతమ్మ ముఖం అటు తిప్పుకుని కళ్ళొత్తుకుంది. పొద్దున తానన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇంటికొచ్చేసరికి వంటిల్లంతా మాడు వాసన. గోడమీది పాత పట్టిక చెరిపేసి ఉంది. దాని చోట దేవదాసు కొత్తది గీశాడు. ఇరవై ఆరు రోజులకూ అన్నం వండేది, నీళ్ళు తెచ్చేది, చదివేది, అన్నిటికీ గళ్ళున్నాయి. అన్నం గడిలో తన పేరే రాసుకున్నాడు. జరిగింది విని, సుద్దముక్క తీసి పైన ఇంకో వరుస కలిపాడు.

"నా పేరు యాడ రాసినవు బిడ్డా?" అడిగింది ముత్తమ్మ.

దేవదాసు తల్లి వేలు పట్టుకుని పొద్దుటి గడిమీద పెట్టాడు. "గీడ అవ్వా. నీళ్ళు పోసుడు, ముత్తమ్మ."

ఆమె ఆ వేలు చాలాసేపు తియ్యలేదు. తర్వాత కోడలిమీద కసిరింది. "నిలవడి సూస్తవేందే? ఇరవై పేజీలున్నయట గద, కూసో! అడ్డం తిరిగిన బిడ్డ సంగతి నేనడుగుత, నువ్వు చెప్పు."

ఆ రోజు నుంచి గుమ్మంలో ఎవరు పిలిచినా ముత్తమ్మే జవాబు చెప్పింది. "పరీక్షయ్యేదాక నా కోడలు రాదు. దవాఖానకు తోల్కపోండ్రి." నొప్పులు పడే మనిషి ప్రాణం మీదికి వస్తే తప్ప రూతమ్మను లేవనివ్వలేదు. పొద్దున్నే యాదమ్మ పిలుపు వినగానే గోడ తడుముకుని తన గడిమీద వేలు పెట్టి, అప్పుడు బయలుదేరేది. ఇన్ని గళ్ళలో ఆ ఒక్కదాంట్లోనే అక్షరాలు రోజూ చెరిగిపోయేవి. బడి నుంచి రాగానే దేవదాసు వాటిని మళ్ళీ రాసేవాడు.