ఎర్ర సీసా మారింది

1979 మే నెల. డోర్నకల్ జంక్షన్‌లో పట్టపగలు రాజేశ్వర్ రావును కాల్చారు. చావలేదు. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ రహస్యాలను విదేశీ ముఠాకు అమ్ముతున్న ఇంటిదొంగ ఎవరో అతనొక్కడికే తెలుసు. ఇప్పుడు స్పృహ లేకుండా వరంగల్‌లో ఓ నర్సింగ్ హోమ్‌లో పడి ఉన్నాడు.

"అతను బతకాలి, సారంగపాణీ," ఫోన్‌లో చీఫ్ అన్నాడు. "బ్లడ్ బాంబే గ్రూప్. మామూలు టెస్టులో 'ఓ' గ్రూపులాగే కనిపిస్తుంది. 'ఓ' రక్తం ఎక్కించారో, మనిషి దక్కడు. బాంబే గ్రూపే కావాలి."

జిల్లా మొత్తం జల్లెడ పడితే ఒక్కడు దొరికాడు. కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ కట్టయ్య. ఏజెంట్ సారంగపాణి పత్తి బ్రోకర్ వేషంలో వెళ్లి అతన్ని జీపులో తెచ్చాడు. సీసా నిండింది. క్రాస్‌మ్యాచ్ పరీక్షలో పేషెంట్ రక్తంతో సరిపోయింది. ఆ సీసాను నర్సు వేషంలో ఉన్న ఏజెంట్ నిర్మల చేతిలో పెట్టాడు. ఆరేళ్లుగా అతని పార్ట్‌నర్. ఆమె దగ్గర అతనికి దాపరికమే లేదు.

కట్టయ్యను ఇంటికి పొమ్మంటే కదల్లేదు.

"నా రక్తం ఎక్కుతాందంటే నాకు తమ్ముడైనట్టే గద సారూ. మొకం జూడకుంట ఎట్ల పోత?"

సరేనని గదిలోకి తీసుకెళ్లాడు. నిర్మల అప్పుడే సీసా వేలాడదీసి సూది గుచ్చింది. కట్టయ్య తమ్ముడి ముఖం తృప్తిగా చూసుకుని, మెల్లగా అడిగాడు.

"నర్సమ్మా, ఇందాక నా సీసా నీ సంచిల పెట్టుకోంగ జూసిన. మరి గిది ఎవలిది?"

నిర్మల నవ్వింది. "రక్తమిచ్చి నీరసపడ్డాడు, పాపం."

గొట్టంలో ఎరుపు సూదికి బెత్తెడు దూరంలో ఉంది. సారంగపాణి ఒక్క అంగలో వెళ్లి గొట్టానికున్న క్లాంప్ బిగించాడు. నిర్మల చెయ్యి నడుం దగ్గరి పిస్టల్ మీదికి పోయింది. ఆ చెయ్యి వెనక్కి విరిచి పట్టుకుని, ల్యాబ్ టెక్నీషియన్ శారదను కేకేశాడు. శారద పేషెంట్ సీరంలో ఆ సీసా రక్తం ఒక చుక్క కలిపింది. విరిగిన పాలలా ముక్కలైపోయింది.

"'ఓ' గ్రూపు సార్. రక్తం మంచిదే. ఈయనకే విషం."

"పోస్ట్‌మార్టంలో ఏ విషమూ దొరకదు కదా, పాణీ," నిర్మల తాపీగా అంది.

"ఎప్పట్నుంచి?"

"మన మొదటి కేసు నుంచే."

ఆరేళ్లు అతను ఆమెను నమ్మి, తన వీపు ఆమెకు అప్పగించి నడిచాడు. పోలీసులొచ్చి తీసుకెళ్తుంటే ఆమె వెనక్కి తిరిగి చూస్తుందేమోనని, సిగ్గు లేకుండా, ఎదురుచూశాడు. చూడలేదు.

సంచిలోని సీసాను శారద మళ్లీ పరీక్షించి ఎక్కించింది. సాయంత్రానికి రాజేశ్వర్ రావు కళ్లు తెరిచాడు. చీఫ్ ఫోన్ చేశాడు.

"ఇంటిదొంగ పేరు చెప్పాడా?"

"చెప్పాడు సార్."

"ఎవరు?"

"నిన్న మీకు పోస్టులో వచ్చిన శుభలేఖ తీసి చూడండి సార్. నా పేరు పక్కనే ఉంటుంది."