పాతాళ దర్వాజా

జనగామ స్టేషన్‌లో ప్యాసింజర్ ఆగింది. గొడుగు పట్టుకుని దిగిన ముసలాయన పక్కకు ఒక యువకుడు జరిగాడు.

"చాచా, ఈ బండి డోర్నకల్‌ల ఆగుతదా?"

"ఆగుతది. గానీ ఆడ చాయ్ మంచిగుండదు."

కోడ్ సరిపోయింది. యువకుడు ఏజెంట్ హైదర్, డిపార్ట్‌మెంటులో కోడ్‌నేమ్ గురిగింజ. ముసలాయన ఉమర్ సాబ్. భూపాలపల్లి దగ్గరి బొగ్గు గనిలో గాలి ఫ్యాన్లు నడిపే ప్రోగ్రాం రాసింది ఆయనే.

"నా ప్రోగ్రాంను బయటి దేశపోళ్ళు పట్టుకున్నరు," గుసగుసగా అన్నాడు ఉమర్ సాబ్. "విడిపించే మాస్టర్ పాస్‌వర్డ్ నేను రాసిన కంప్యూటర్ ఆటల దాచిన, బేటా. ఆట పేరు పాతాళ దర్వాజా, దాని ఆఖరి గదిల. ఫ్లాపీ మానుకోటల మా ఇంట్ల ఉన్నది. పాస్‌వర్డ్ ఏందంటే..."

వెనక నుంచి జనం తోసుకొచ్చారు. ఉమర్ సాబ్ దోమ కుట్టినట్టు మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. అంతే. ప్లాట్‌ఫాం మీదే కూలిపోయాడు. వేళ్ల మధ్య సన్నటి విషపు సూది మెరిసింది.

ఫోన్లో చీఫ్ బ్రీఫింగ్ ముక్తసరిగా సాగింది.

"ముఠా పేరు బ్లాక్ లాంతర్న్. ఒక గని గొంతు నులిమి చూపిస్తే, వాళ్ల హ్యాకింగ్ విద్యను కొనేవాళ్లు క్యూ కడతారు. మనుషుల్ని పైకి తెచ్చే లిఫ్ట్ ఇందాకే ఆపేశారు. ఇప్పుడు ఫ్యాను స్లో చేస్తున్నారు. కింద ఉదయం షిఫ్టు మొత్తం ఉంది."

"తెల్సు సార్. మా తమ్ముడు ఖలీల్ గా షిఫ్టుల్నే ఉన్నడు."

"ఫరహత్ కారు తెస్తోంది. వెళ్లు."

ఫరహత్ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. సర్వీస్ ఫైలు ప్రకారం మౌల్వీ గారింట్లో పెరిగిన అమ్మాయి. అందం సంగతి ఫైల్లో లేదు. హెచ్చరికగానైనా రాసి ఉండాల్సింది. ఉమర్ సాబ్ ఆ రైల్లో వస్తున్నాడని తెలిసినవాళ్లు ముగ్గురే: చీఫ్, హైదర్, ఫరహత్. మన హీరోకు ఆ లెక్క అప్పుడే తట్టాలి. కానీ తమ్ముడు గనిలో ఉంటే ఎవడి బుర్ర మాత్రం పనిచేస్తుంది!

మానుకోట అంటే మహబూబాబాదే. అక్కడ ఉమర్ సాబ్ ఇంటి మీద ముఠా కన్ను ఉండొచ్చు. అందుకని హైదర్ గ్యాస్ పొయ్యిలు బాగుచేసేవాడి వేషం వేశాడు. ఫరహత్ కారులోనే ఉండిపోయింది. అతను సంచి భుజాన వేసుకుని, తలుపు ముందు సలాం చెప్పి, జవాబు రాకముందే నెట్టుకుని లోపలికి పోయాడు.

"ఆగు!" కసిరింది ఉమర్ సాబ్ భార్య సఫియా బేగం. "మూడుసార్లు సలాం చెప్పాలె. జవాబు రాకుంటే చప్పుడు చేయకుండ వెనక్కి మళ్లాలె. మా ఆయన సొంతింటికే గట్ల వస్తడు. నీకేం తొందర?"

"మాఫ్ చెయ్యి ఖాలా."

"సరే, వచ్చినవ్ కదా, పొయ్యి చూడు. సగమే మండుతున్నది. ఆయన వచ్చేసరికి ఖానా చల్లగైతది."

అబద్ధాలు హైదర్ ఉద్యోగం. ఆ ఒక్క అబద్ధం మాత్రం నోరు దాటలేదు. జనగామలో జరిగిందీ, గనిలో జరుగుతున్నదీ చెప్పేశాడు.

ఆమె గోడకు జారగిలపడింది. తర్వాత లేచి, మంచం కింది నుంచి పాత కంప్యూటర్‌ను, ఫ్లాపీని బయటికి లాగింది. ఎనభైల నాటిది, టీవీకి తగిలించి ఆడుకునే రకం.

"తీస్కపో. గనిల పిల్లలున్నరంటివి. జర పైలం, ఆటల మనిషి చస్తే ఫ్లాపీ మొత్తం తుడుచుకపోతది. ఆయన ఆఖరి దాకా పోయి ఆడ ఆపి పెట్టిండు."

భూపాలపల్లి గని కంట్రోల్ రూం. హైదర్ వెంట ఫరహత్ కూడా లోపలికి వచ్చింది. ఇంజనీర్ సుమలత క్యాంటీన్ టీవీ తెప్పించి కంప్యూటర్‌కు తగిలించింది. ఆకుపచ్చ అక్షరాలు లేచాయి. చేతిలో దీపం, నడుముకు గొడ్డలి, ఒకే ఒక్క ప్రాణం ఉన్న బాటసారి పాతాళంలో నిలబడి ఉన్నాడు.

ఫ్యాను మీటరు ముల్లు దిగిపోతోంది. హైదర్ ఆడాడు. విషపు బావి దాటాడు. ఎముకల కాపలాదారుడి దగ్గర బలం సగం పోగొట్టుకున్నాడు. దీపంలో నూనె అయిపోవస్తుండగా దర్వాజా కనిపించింది.

'ఇది ఆఖరి గది. ఏం చేస్తావు?'

హైదర్ సలాం అని టైప్ చేశాడు.

'జవాబు లేదు.'

మళ్లీ చేశాడు. జవాబు లేదు. మూడోసారీ అంతే.

గని ఫోన్ మోగింది. సుమలత స్పీకర్ పెట్టింది.

"భాయ్..." ఖలీల్ గొంతు. "గాలి ఆడతలేదు భాయ్. సంజీవన్న పడిపోయిండు. అమ్మీకి చెప్పు..."

దగ్గు. తర్వాత నిశ్శబ్దం.

"ఖలీల్! ఒరేయ్ ఖలీల్!" అరిచాడు హైదర్. ఏడుపొచ్చేసింది. ఇంత ట్రైనింగూ ఏ గంగలో కలిసిందో!

"గొడ్డలి ఉందిగా!" ఫరహత్ అతని భుజం పట్టి కుదిపింది. "బ్రేక్ కొట్టు. తలుపు పగలగొట్టు!"

హైదర్ వేలు బీ అక్షరం మీదికి పోయింది. ఇంకెవరైనా అదే చేసేవారు. సరిగ్గా అప్పుడు సఫియా బేగం కసురు చెవిలో వినిపించింది. సొంతింటికే గట్ల వస్తడు.

ఇంత దూరం వచ్చి, అవతల తమ్ముడి ఊపిరి ఆగిపోతుంటే, వెనక్కి తిరగడమా? అయినా గో బ్యాక్ అని టైప్ చేశాడు.

"పిచ్చా నీకు?" ఫరహత్ కీబోర్డు మీదికి వంగింది.

హైదర్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "మౌల్వీ సాబ్ ఇంట్ల పెరిగినవంట. తలుపు ముందట మూడు సలాంల తర్వాత ఏం చేయాల్నో తెల్వదా? ఎవరు నువ్వు?"

జవాబుగా లిప్‌స్టిక్ మూత ఊడింది. లోపల నుంచి తుపాకీ గొట్టం అతని కణతకు తాకింది. "తెలివైనవాడివే. కాస్త ఆలస్యంగా."

"నిజమే," అన్నాడు హైదర్. అప్పటికే భుజాన ఉన్న సంచిలోకి దూరిన రెండో చెయ్యి కదిలింది. పొయ్యిలవాడి స్క్రూడ్రైవర్ నుంచి మత్తు సూది ఎగిరి ఆమె మోకాలికి గుచ్చుకుంది. ఫరహత్ కూలిపోయింది. లిప్‌స్టిక్ గుండు సీలింగ్‌లోకి పోయింది. హైదర్ ఎంటర్ నొక్కాడు.

బాటసారి ఒక అడుగు వెనక్కి వేశాడు. అతని వెనక దర్వాజా దానంతట అదే తెరుచుకుంది.

'వ అలైకుం అస్సలాం. ఇంత ఆలస్యమా, ఉమర్ మియా? ఖానా ఠండా. ఇదే తాళంచెవి.'

"ఖానా ఠండా! కొట్టండి మేడం!"

సుమలత కొట్టింది. ఏమీ జరగలేదు. ముల్లు అట్టడుగుకు చేరింది. ఇక అయిపోయిందనుకుని హైదర్ కళ్లు మూసుకున్నాడు. అప్పుడు కిటికీ అద్దాలు గడగడమన్నాయి. బయట పెద్ద ఫ్యాను అందుకుంది.

ఎంతకో గాని ఫోన్ మోగలేదు.

"భాయ్... గాలొచ్చింది."

హైదర్ రిసీవర్‌ను గుండెకు హత్తుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సుమలత చూడనట్టు నటించింది. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి.

కొద్దిరోజుల తర్వాత హైదర్ ఫ్లాపీ తిరిగివ్వడానికి మహబూబాబాద్ పోయాడు. ఈసారి పద్ధతిగా మూడు సలాములు చెప్పాడు. జవాబు రాలేదు. వెనక్కి తిరిగాడు. తలుపు తెరుచుకుంది.

ఆఖరి గదిలో ఎవరున్నారో, ఏమన్నారో అతను చెప్పాడు. సఫియా బేగం విన్నది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గా మాట రోజు అనేదాన్ని. విననట్టే తినేటోడు." వంటింటి వైపు చూసింది. "నీ తమ్ముడు బతికిండు, సంతోషం. మరి నా పొయ్యి సంగతేంది? మధ్యలనే ఇడిచిపెట్టి పోయినవ్."

హైదర్ సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి పొయ్యి ముందు కూర్చున్నాడు. డిపార్ట్‌మెంటు లక్షలు పోసి చేయించిన పరికరం. దానితో మనిషిని పడగొట్టొచ్చు, ఫోటో తీయొచ్చు, వైర్‌లెస్‌లో మాట్లాడొచ్చు. ఒక్క స్క్రూ మాత్రం తిరగదు.