దగ్గుతో మొదలయ్యే పాట

"మా నాన్న దగ్గుని కోసేసింది ఎవరండీ?"

ఆఫీసులో కీబోర్డుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

తలుపు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో తడిసిన గొడుగు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన క్యాసెట్. గొడుగు నుంచి నీళ్లు, కళ్ల నుంచి నిప్పులు సమానంగా రాలుతున్నాయి.

అందరూ మూల టేబుల్ దగ్గరున్న యువకుడి వైపు చూశారు. ఆ మ్యూజిక్ యాప్ కంపెనీలో పాత పాటలను శుభ్రం చేసే సౌండ్ ఎడిటర్ అతనొక్కడే.

"నేనేనండీ," అన్నాడు, ఎందుకో లేచి నిలబడి. "గరగరలు, దగ్గులు, తుమ్ములు తీసేయడమే నా పని. అందుకు కప్పు కూడా ఇచ్చారు."

టేబుల్ మీద కప్పు మెరుస్తోంది. 'ఈ ఏడాది అతి స్వచ్ఛమైన ధ్వని' అని దాని మీద చెక్కి ఉంది. రోజూ దాన్ని రుమాలుతో తుడిచాకే అతను కంప్యూటర్ ఆన్ చేస్తాడు.

ఆమె కప్పుని ఎగాదిగా చూసింది. "బాగుంది. స్క్రూలు వేసుకోడానికి పనికొస్తుంది."

కూర్చోమని ఎవరూ అనకముందే కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాది టేప్‌రికార్డర్లు రిపేరు చేసే షాపు. మా నాన్న ఫ్లూట్ వాయించేవారు. నిన్న మీ యాప్‌లో ఒక పాట విన్నారు. ముప్పై ఏళ్ల కిందట ఆయనే వాయించిన పాట. విని ఏమన్నారో తెలుసా? 'ఎవరో గానీ బాగానే వాయించాడమ్మా' అన్నారు!"

వెనక టేబుళ్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"వాయించబోయే ముందు గొంతు సవరించుకోవడం ఆయన అలవాటు. 'హుఁ' అని. తర్వాత ఫ్లూట్ మీద గోటితో రెండుసార్లు టక్ టక్. అది లేదు కాబట్టి తనది కాదేమో అనుకున్నారు. క్యాసెట్ అట్ట మీద ఆయన పేరు లేదు. 'వాద్యబృందం' అని ఒక్క ముక్క వేసి ఊరుకున్నారు. ఆ పాటలో మా నాన్న సంతకమంటూ ఉంటే ఆ దగ్గొక్కటే. దాన్ని కాస్తా మీరు కత్తిరించేశారు, కత్తెరగారూ!"

ఆ సాయంత్రానికల్లా ఆఫీసంతా అతన్ని కత్తెరగారూ అనే పిలవబోతోంది.

గొడవ విని మేనేజర్ మేడమ్ గదిలోంచి వచ్చింది. "శుక్రవారం పాత పాటల సంకలనం రిలీజవుతోంది. మొదటిసారి ప్రతి పాట కిందా వాయించినవాళ్ల పేర్లు వేస్తున్నాం. గురువారంలోగా రుజువు తెస్తే మీ నాన్నగారి పేరూ వేస్తాం. దగ్గొక్కటే అంటే ఎలాగమ్మా? రేపు ఇంకొకరు వచ్చి మా మామయ్య తుమ్మంటారు."

"రుజువు తెచ్చాను," అంటూ ఆమె క్యాసెట్ ముందుకు తోసింది. "వేసి వినండి."

అతను టేబుల్ సొరుగులన్నీ వెతికాడు. పక్కవాళ్ల సొరుగులూ వెతికాడు.

"ఇంత పెద్ద మ్యూజిక్ కంపెనీలో ఒక్క క్యాసెట్ ప్లేయర్ లేదా?" అందామె. ఆ రోజులో మొదటిసారి ఆమె మొహంలో నవ్వు కనిపించింది. తప్పు ఒప్పుకోవాలని ఎందుకనిపించిందో అతను చెప్పలేడు గానీ, ఆ నవ్వు చూశాకే అనిపించింది.

మర్నాడు ఉదయం, అంటే మంగళవారం, అతనే షాపుకి వెళ్లాడు. రెండు బారల గది. గోడ పొడవునా టేప్‌రికార్డర్లు, పొట్టలు విప్పుకుని. ఆమె చేతిలో పొగలు కక్కుతున్న సోల్డరింగ్ గన్.

"ఒక్క పాటకి ఇంత సరంజామానా?" అన్నాడు. "మా యాప్‌లో కోటి పాటలు జేబులో పడతాయి."

"జేబులో పడతాయి సరే, జేబులో ఉంటాయా? మొన్న నేను దాచుకున్న పాటలు పదకొండు మాయమయ్యాయి. అడిగితే ఒప్పందం అయిపోయిందన్నారు. నా షెల్ఫులో క్యాసెట్ ఎవరి ఒప్పందంతోనూ మాయమవదు."

"బూజు పట్టి పోతుంది."

"పోతే నా బూజుతో పోతుంది!"

"అదేం గొప్పండీ?"

"గొప్పే! మీరు ఒక పాట పూర్తిగా విని ఎన్నాళ్లయింది? నచ్చకపోతే తోసెయ్, తోసెయ్. క్యాసెట్‌ని తోసెయ్యలేం. తిప్పుకుని రెండో వైపు కూడా వినాలి."

"పెళ్లి లాగా అన్నమాట," అన్నాడు అతను. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

సోల్డరింగ్ గన్ ఒక క్షణం గాల్లో ఆగింది.

లోపలి గదిలోంచి వాళ్ల నాన్న వచ్చాడు. సన్నటి మనిషి, మెళ్లో ఇయర్‌ఫోన్లు. "మా అమ్మాయి మాటలు పట్టించుకోకు బాబూ. మీ యాప్ అద్భుతం! మా గురువుగారు వాయించిన పాట ఒకటుంది. టేపు పాడైపోయి ఇరవై ఏళ్లయింది. ఇక వినను అనుకున్నా. నిన్న అలా వేలు పెట్టగానే మోగింది. నేను ఏడ్చేశాననుకో."

"నాన్నా, మీరు ఎవరి వైపు?"

"పాట వైపు తల్లీ."

ఆమె రెండు క్యాసెట్లు తీసింది. రెండోది ఆయన ఒంటరిగా వాయించిన కచేరీ. దాని అట్ట మీద ఆయన పేరు స్పష్టంగా అచ్చయి ఉంది. ముందు అది వేసింది. హుఁ. టక్ టక్. తర్వాత వేణువు. ఆపి, పేరు లేని పాట వేసింది. హుఁ. టక్ టక్.

అతను కళ్లు మూసుకుని విన్నాడు. ఆ దగ్గులో గది ఉంది, గదిలో కుర్చీ కిర్రుమనడం ఉంది, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంటున్న ఒక మనిషి ఉన్నాడు. మీట నొక్కి ఆ మనిషిని చెరిపేసింది తనే. పైగా కప్పు పుచ్చుకున్నాడు.

"ఇలాంటి పాటలు ఇంకెన్ని వాయించారండీ?"

"ఎవరు లెక్కపెట్టారు బాబూ? పొద్దున పిలిచేవాళ్లు, సాయంత్రం వచ్చేసేవాళ్లం. ఏ క్యాసెట్లోకి ఏది వెళ్లిందో మాకేం తెలుసు?"

"పదేళ్లుగా పాత షాపులన్నీ గాలించాను," అందామె. ఈసారి గొంతులో పోట్లాట లేదు. "దొరికింది ఇదొక్కటే."

అతను గబుక్కున లేచాడు. "నేను శుభ్రం చెయ్యకముందు పాటలు మా దగ్గర అలాగే ఉన్నాయి. వెతకడానికి మీకు పదేళ్లు పట్టింది. నాకు మూడు రోజులు చాలు. కానీ దేన్ని వెతకాలో మాత్రం మీ క్యాసెట్టే చెప్పాలి."

కచేరీ క్యాసెట్‌లోని ఆ 'హుఁ, టక్ టక్'ని కంప్యూటర్‌కి ఎక్కించాడు. ఏ శబ్దాన్ని కనిపెట్టి తీసేయమని యంత్రానికి నేర్పాడో, దాన్నే వెతికి పెట్టమన్నాడు. మొదటిరోజు కంప్యూటర్ నూట నలభై దగ్గులు పట్టుకొచ్చింది. వాటిలో గాయకుల దగ్గులున్నాయి, ఒక కుక్క అరుపు కూడా ఉంది. ఆమె రోజూ షాపు మూసి వచ్చి, పక్కన కుర్చీ వేసుకుని ఒక్కొక్కటీ వింది. ఒకే ఇయర్‌ఫోన్లు. ఇద్దరికీ చెరొకటి.

"కాదు... కాదు... ఇది తబలా అంకుల్ దగ్గు... ఆగండి! ఇదే!"

గురువారం మధ్యాహ్నానికి లెక్క తేలింది. ముప్పై ఒక్క పాటలు.

మేనేజర్ మేడమ్ మొదట కచేరీ టేపు, తర్వాత వరసగా ఐదు పాటలు వింది. "సరే, ఇది రుజువే. పేరు వేద్దాం. మరి దగ్గు?"

"దగ్గు కూడా తిరిగి పెట్టాలి మేడమ్. నేను తీసిన ప్రతి పాటలోనూ."

"స్వచ్ఛమైన ధ్వని అని నీకు కప్పిచ్చాం కదయ్యా!"

"వెనక్కి తీసుకోండి."

ఆవిడ అతన్నీ, పక్కనున్న అమ్మాయినీ మార్చి మార్చి చూసింది. "కప్పు నాకెందుకు? ఎవరికి ఇవ్వాలనుందో వాళ్లకే ఇచ్చుకో."

శుక్రవారం ఉదయం షాపులో వాళ్ల నాన్న ఫోన్‌ని చేయి చాచినంత దూరంలో పట్టుకున్నాడు. పాట మొదలైంది. హుఁ. టక్ టక్. కింద అక్షరాలు వచ్చాయి. 'వేణువు' అని, దాని పక్కన ఆయన పేరు, ఇంటిపేరుతో సహా. ఆయన ఒకసారి మనసులో చదువుకున్నాడు. తర్వాత పైకి చదివాడు. తర్వాత వీధిలోకి వెళ్లి, పక్క షాపు టైలర్‌ని పిలిచి మరీ చదివించాడు.

"ఎవరో కాదయ్యా, నేనే! నేనే వాయించాను!"

ఆమె వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది. మళ్లీ ఇటు తిరిగేసరికి కౌంటర్ మీద కప్పు ఉంది. నిండా స్క్రూలు.

"సైజుల వారీగా వేరు చేసి తెచ్చాను," అన్నాడు అతను.

"కత్తెరగారూ, ఇది మీ గొప్ప కదా?"

"నా గొప్ప ఇప్పుడు వీధిలో మోగుతోంది."

బయట వాన మొదలైంది. లోపల రిపేరయిన టేపులు రెండు మూడు సన్నగా మోగుతున్నాయి. అతను ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు.

"హుఁ."

వేళ్లు వాటంతట అవే కౌంటర్ మీద ఆడాయి. టక్ టక్.

ఆమె పెదాలు బిగబట్టుకుని నవ్వు ఆపుకుంది. గుమ్మంలోంచి వాళ్ల నాన్న గొంతు వినిపించింది. "తల్లీ, ఆ టేపులన్నీ ఆపెయ్. అబ్బాయి మొదలుపెట్టబోతున్నాడు."

ఆమె ఒక్కొక్క మీటా నొక్కి ఆపేసింది. కౌంటర్ మీద మోచేతులు ఆనించి, గడ్డం అరచేతుల్లో పెట్టుకుంది.

"ఊఁ, చెప్పు. ఈసారి ఏదీ కత్తిరించకుండా, పూర్తిగా చెప్పు. రెండు వైపులా వింటాను."